కాలు తీసే ముందు పాదం మీద వేలు పెట్టి చూడండి

పొద్దున ఆరు గంటలకు తార్నాక దిక్కు నుంచి ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచేవాళ్లను చూస్తే ఉద్యమం నాటి ముఖాలు ఎన్నో కనపడతాయి. 2009-10లో ఇదే రోడ్డు మీద లాఠీలకు, బాష్పవాయువుకు ఎదురు ఉరికిన వాళ్లు ఇప్పుడు షుగరు గోలీ వేసుకొని నడుస్తున్నారు. అందులో మా మిత్రుడు ఒకాయన, ఆర్టీసీ కండక్టరుగా ముప్పై ఏండ్లు నిలబడి పనిచేసి రిటైరైనవాడు. 2011 సకల జనుల సమ్మెలో జీతం వదులుకొని మాతోపాటు టెంటు కింద కూచున్నవాడు. ఆయన నడక కొన్నాళ్లుగా తేడా కొట్టింది. రెండు వందల అడుగులు వేయగానే పిక్క పట్టేస్తది, గోడకు ఒరుగుతడు, రెండు నిమిషాలకు తగ్గుతది, మళ్లీ కదులుతడు. 'ఏందన్నా, స్టాపు స్టాపుకు ఆపుతున్నవ్, టికెట్లు కొడుతున్నవా?' అని మేమే నవ్వినం. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు మాకు సిగ్గుగా ఉన్నది. ఎందుకంటే నడిస్తే పట్టి ఆగితే వదిలే ఆ నొప్పే జబ్బు చెప్పే మొదటి మాట.

ఆయన ఒక ప్రైవేటు క్లినిక్‌కు పోయిండు. పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగిన నరాలు కనపడ్డాయి. కండక్టర్లకు, ట్రాఫిక్ పోలీసులకు, పంతుళ్లకు అవి మామూలే. నరాలు ఉబ్బినయ్, లేజర్ చేయాలె, అప్పటిదాకా ఈ బిగుతు మేజోళ్లు తొడుక్కో అన్నారు. పాదం మీద ఎవరూ చెయ్యి పెట్టి చూడలేదు. నెలన్నరకు బొటనవేలు నల్లబడ్డది. ఇంకో దవాఖానకు పోతే మోకాలి కింద కాలు తీసెయ్యాలె అన్నారు.

మన భాషలో ఒక చిక్కు ఉన్నది. గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే ధమనినీ నరమే అంటాం, కాలి నుంచి రక్తాన్ని పైకి తీసుకపోయే సిరనూ నరమే అంటాం, తిమ్మిరెక్కే నాడిని కూడా నరమే అంటాం. మూడు వేర్వేరు జబ్బులకు ఒకే పేరు. రోగి నరం నొప్పి అంటడు, డాక్టరు తనకు తోచిన నరానికి మందు రాస్తడు. ఉబ్బిన సిరకు బిగుతు మేజోడు మంచిదే. అదే మేజోడు ధమని బాగా పూడుకపోయిన కాలికి తొడిగితే అందుతున్న కాస్త రక్తం కూడా ఆగే ప్రమాదం ఉన్నది. ఒకే కాలికి రెండు జబ్బులూ ఉండొచ్చు. మా మిత్రునికి జరిగింది అదే. (ఒకప్పుడు ఇదే ఉస్మానియాలో ఉర్దూలో వైద్యం చదివి డాక్టర్లయ్యారు. ఇవాళ మన చేతికొచ్చే స్కానింగ్ రిపోర్టులో మనకు అర్థమయ్యేది మన పేరు ఒక్కటే.)

తేడా కనుక్కోవడానికి పెద్ద యంత్రం అక్కర లేదు. పాదం పైభాగాన ఒక చోట, చీలమండ లోపలి గుబ్బ వెనక ఇంకో చోట నాడి కొట్టుకుంటది. వేలు పెట్టి చూడాలె, అంతే. అది దొరకకపోతే అరచేతిలో పట్టే డాప్లర్‌తో చీలమండ దగ్గర బీపీ, చేతి దగ్గర బీపీ చూసి భాగిస్తారు. 0.9 కన్నా తక్కువైతే కాలి ధమనిలో అడ్డు ఉన్నట్టే. షుగరు రోగులకు ధమని గోడలు సున్నం పట్టి గట్టిపడతాయి, లెక్క మంచిగనే ఉన్నట్టు మోసం చేస్తది, వాళ్లకు వేలి దగ్గర కూడా బీపీ చూడాలె. ఆ తర్వాతనే డాప్లర్ స్కాన్, సీటీ యాంజియోగ్రామ్.

అడ్డు తేలితే ప్రతిసారీ కాలు కోయనక్కర లేదు. తొడ దగ్గర సూది గుచ్చినంత రంధ్రం, అందులోంచి సన్నటి తీగ, ఎక్స్‌రేలో చూసుకుంటూ అడ్డు దాటించి బెలూన్ ఉబ్బిస్తారు, అవసరమైతే స్టెంటు పెడతారు. చాలామందికి మత్తు కూడా ఆ జాగాకే. దీనికి మొదలు 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో పడ్డది. కాలు తీయనియ్యనని మొండికేసిన 82 ఏండ్ల ముసలమ్మకు చార్లెస్ డాటర్ అనే డాక్టరు తొడ ధమనిలోకి గొట్టాలు పంపి దారి తెరిచిండు. ఆమె తన కాళ్ల మీదనే ఇంటికి పోయింది. గ్రుయెంట్సిగ్ బెలూన్ కూడా 1974లో ముందు కాలికే వాడిండు, గుండెకు వాడింది 1977లో. మన నగరంల హోర్డింగులకు మాత్రం గుండె ఒక్కటే తెలుసు.

సర్కారు లెక్కల్లోనూ అంతే. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకు కళ్లెం వేసింది: మామూలు లోహపు స్టెంటుకు 7,260, మందు పూసినదానికి 29,600 రూపాయలు. సంతోషం. కానీ ఆ ఉత్తర్వు గుండె స్టెంట్లకే. కాలికి పెట్టే స్టెంటు, బెలూన్ ఆ కళ్లెం బయటనే ఉన్నాయి. 1990లలో అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి తక్కువ ధర గుండె స్టెంటు తెచ్చింది ఈ హైదరాబాద్ నుంచే. కాలి స్టెంటు దగ్గర ఆ పట్టుదల ఎటు పోయింది?

అట్లని ప్రతి కాలికీ బెలూన్ వేయించుకోవాలని మేము చెప్పడం లేదు. నడిస్తే నొప్పి వచ్చే దశలో చాలామందికి బీడీ మానడం, షుగరు అదుపు, డాక్టరు రాసిన గోలీలు, నొప్పి వచ్చేదాకా నడిచి ఆగి మళ్లీ నడవడం, ఇదే మొదటి వైద్యం. బీడీ తాగే పడుచువాళ్లకు వచ్చే బర్జర్స్ జబ్బులో పొగ మానకుండా ఏ బెలూన్ వేసినా నిలువదు. కాలు పోయే దశలో కూడా కాలి నుంచే తీసిన మంచి సిర దొరికితే బైపాస్ ఆపరేషనే మేలని 2022లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చెప్పింది, 2023లో వచ్చిన ఇంకొకటి, మోకాలి కింది ధమనులు చెడ్డవాళ్లలో, బెలూన్ వైపు మొగ్గింది. కాబట్టి కోత, తీగ రెండూ తెలిసిన డాక్టరు ఒకే కప్పు కింద ఉండాలె. తీగ ఒక్కటే తెలిసిన దుకాణంలో అందరికీ తీగనే మందు.

అట్లాంటి విభాగం నిమ్స్‌లో ఉన్నది. కానీ ఆదిలాబాద్ నుంచి, అచ్చంపేట నుంచి నల్లబడ్డ వేలితో పంజగుట్ట చేరేసరికి ఎన్ని రోజులు పోతాయి? ఇదివరకు ఏమడిగినా పరాయి పాలన అనేవాళ్లం. 2014 జూన్ 2 తర్వాత ఆ సాకు లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ దవాఖానలు సేవలు ఆపడమూ చూసినం. అయినా అది దవాఖానలో చేరినంక ఇచ్చే పైసలు. చేరకముందు పాదం చూసేటోడికి పైసా లేదు.

దేశంలో షుగరు రోగులు పది కోట్లు దాటారని 2023లో ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. ఆ ఐసీఎంఆర్ పోషకాహార సంస్థ ఇదే తార్నాకలో ఉన్నది. ఎదురుగ యూనివర్సిటీ, దాని పక్కనే కూలీలు బతికే మాణికేశ్వర్‌నగర్, ఈ పక్క ఆర్టీసీ దవాఖాన. మొదలుపెట్టడానికి ఇంతకన్నా జాగా దొరకదు. షుగరు ఉన్న ప్రతి ఉద్యోగికి, డ్రైవరుకు, కండక్టరుకు ఏడాదికోసారి చెప్పులు విప్పించి పాదం చూడాలె. ప్రతి బస్తీ దవాఖానకు ఒక చేతి డాప్లర్ ఇయ్యాలె. ఉమ్మడి జిల్లాకు ఒక చోటనన్నా కాలు కాపాడే విభాగం రావాలె. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం కదా, ఇందులో ఉన్నవి నిధులూ నియామకాలే.

మా మిత్రుని కాలు నిలిచింది. మూడో దవాఖానలో బెలూన్ వేసి దారి తెరిచారు, రెండు వేళ్లు మాత్రం పోయినయ్. మొన్న పొద్దున ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూచొని ఒక లెక్చరర్ సారు బూట్లు విప్పించి పాదం మీద వేలు పెట్టి చూస్తున్నడు. 'కొట్టుకుంటున్నది సార్, ఆ కాలు కూడ ఇటు పెట్టుండ్రి' అంటున్నడు.