ఆపేసిన మెషీన్లనూ తెరిచి చూడాలి

విండోస్ 11 ఉన్న డిస్కు తెరిచి, రిజిస్ట్రీలో ‘ప్రొడక్ట్‌నేమ్’ దగ్గర చూస్తే అక్కడ ఇంకా ‘విండోస్ 10’ అనే ఉంటుంది. అసలు సంగతి బిల్డ్ నంబరు చెబుతుంది: 22000, ఆపైన ఉంటే అది 11. తయారుచేసినవాళ్లు రాసిన పేరే ఇలా తప్పుదోవ పట్టిస్తుంటే, ఎప్పుడో ఎవరో ఎక్సెల్ షీటులో రాసిపెట్టిన పేర్లను నమ్మి వందల వర్చువల్ మెషీన్లను నడపడం పెద్ద పొరపాటు.

వర్చువల్ మెషీన్ హార్డ్ డిస్కు అంటే చాలాచోట్ల ఒక పెద్ద ఫైలే. మెషీన్‌ను ఆన్ చేయకుండానే దాని లోపల ఏముందో చూడొచ్చు. రెడ్‌హ్యాట్ ఇంజినీరు రిచర్డ్ జోన్స్ 2009లో మొదలుపెట్టిన లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఆ పనే చేస్తుంది. అందులోని వర్ట్-ఇన్‌స్పెక్టర్‌కు డిస్కు ఫైలు ఇస్తే ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ వెర్షన్, ఏయే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయో జాబితా ఇస్తుంది. లినక్స్ అయితే ఓఎస్-రిలీజ్ ఫైలు, ప్యాకేజీల డేటాబేసు చదువుతుంది; విండోస్ అయితే రిజిస్ట్రీని. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే తప్ప పాస్‌వర్డ్ అడగదు. ఉచితంగా దొరుకుతుంది కూడా.

ఊరూపేరూ తెలియని డిస్కు ఫైలును (ఇమేజ్‌ను) మాత్రం నేరుగా సర్వర్‌కు మౌంట్ చేయకూడదు. కావాలని పాడుచేసిన ఫైల్‌సిస్టమ్ సర్వర్ కెర్నెల్‌నే దెబ్బతీయగలదు. అందుకే లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ ముందుగా ఒక చిన్న వర్చువల్ మెషీన్‌ను లేపి, ఇమేజ్‌ను అందులో తెరుస్తుంది. తెలియని ఇమేజ్‌ల భయం ఊహ కాదు. 2024 జులైలో ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం బయటపడింది. క్యూకౌ2 అనే ఫార్మాట్‌లోని ఇమేజ్‌లో ‘నా డేటా ఫలానా ఫైలులో ఉంది’ అని సర్వర్ సొంత ఫైలు పేరు రాసి అప్‌లోడ్ చేస్తే చాలు, ఆ ఫైలులోని సమాచారం అప్‌లోడ్ చేసినవాడి చేతికి వెళ్లే ప్రమాదం ఉండేది.

ప్యాచ్ పడని మెషీన్ ఎంత ప్రమాదమో చూపిన వానాక్రై వైరస్‌ను మరచిపోలేం. అది వాడుకున్న లోపానికి 2017 మార్చిలోనే మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. మేలో ఆ వైరస్ ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు, ప్యాచ్ పడని కంప్యూటర్లే చిక్కాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా వాటిలో ఉన్నాయి.

ఆపి ఉంచిన మెషీన్‌కు ప్యాచ్ పడదు. నెట్‌వర్క్ స్కానర్‌కు అది కనిపించదు కూడా. ఏ ఆడిట్‌కో పాత రికార్డు కావాలని ఎవరో దాన్ని ఆన్ చేస్తారు. అప్పుడు పాత లోపాలన్నీ ఒక్కసారిగా నెట్‌వర్క్‌లోకి వస్తాయి. సెంటోస్ 7 అనే లినక్స్ వెర్షన్‌కు 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ వెర్షన్‌తో తయారైన టెంప్లేట్ ఇంకా స్టోరేజీలో ఉంటే, దాన్నుంచి పుట్టే ప్రతి కొత్త సర్వరూ పాతదే.

ప్రజల భూమి రికార్డులు, ఆసుపత్రి వివరాలు దాచే డేటా సెంటర్లలో నెలకోసారి ప్రతి ఇమేజ్‌నూ ఇలా చదివించాలి. టెండరు షరతుల్లోనే ఆ మాట రాయాలి. నడుస్తున్న మెషీన్ డిస్కు అయితే చదవడానికి మాత్రమే తెరవాలి. రాయడానికి తెరిస్తే డేటా పాడవుతుంది. పని ఎక్కడ మొదలుపెట్టాలంటే టెంప్లేట్ల దగ్గర, ఆ తర్వాత చాలాకాలంగా ఎవరూ ఆన్ చేయని మెషీన్ల దగ్గర.