నాలుగవ సిలిండరు

వంటింటి పొగను గూర్చి సాహిత్యపత్రికలో చర్చ యేల యని కొందరు పెద్దలు కనుబొమలు ముడువవచ్చును. ఆ పొగలో మండునవి వారి కన్నులు కావు గదా! ఇండ్లలోని యిట్టి పొగవలన 2020లో లోకమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1999లో దీపము పథకముద్వారా పొదుపుసంఘముల స్త్రీలకు గ్యాసు కనెక్షను లొసగెను. కేంద్రప్రభుత్వము 2016లో ఆరంభించిన ఉజ్జ్వల యోజనయు పేదయింటి స్త్రీ పేరనే కనెక్షను నిచ్చినది. వాని సంఖ్య 10 కోట్లు దాటినది. ఇది శ్లాఘ్యమే. ఐనను పల్లెలలో నెన్నో యిండ్ల సిలిండరు మూలనుండ కట్టెలపొయ్యి మండుచునే యున్నది.

ఆడువారికి పాత యలవాటు పోదనియు, కట్టెలపొయ్యి కూరకే రుచి యనియు గృహయజమానులు చెప్పుదురు. ఈ మాటను మే మంగీకరింపము. గ్యాసునకు రొక్కము వలయును. కట్టెలకు స్త్రీ నడుము చాలును. ఆమె శ్రమకు వెలకట్టని యింట కట్టెలు ఉచితముగానే కనబడును.

పేదవానికి ధర భారమగుట నిజమే. కావుననే 2024లో ఆంధ్రప్రదేశమున దీపము-2 పేర ఏటికి 3 సిలిండర్లు ఉచితముగా నొసగ నారంభించిరి. కాని వంటయంతయు గ్యాసుపైనే సాగు సంసారమునకు మూడు చాలవు. నాలుగవదానిని తెప్పింప నిర్ణయించునదెవరు? కనెక్షను కాగితముపై నామె పేరున్నది. పైకపుసంచి మీద లేదు.

స్త్రీలకు యంత్రవిషయములు తెలియవను వాదమొకటి కలదు. రాజస్థానమందలి తిలోనియాలో 1972లో స్థాపితమైన బేర్‌ఫుట్ కాలేజి, అక్షరములు రాని పల్లెస్త్రీలకే సౌరదీపములను కూర్చుటయు బాగుచేయుటయు నేర్పినది. వారిలో అమ్మమ్మలును గలరు! లోపము బుద్ధిలో లేదు; అధికారము నీయని మన మనస్సులో నున్నది.

కావున మేము కోరునది రెండే. నెలజీతమో కూలియో యింటికి వచ్చిననాడు వంటచెరకు సొమ్ము ముందుగా గృహిణి చేతికి రావలెను. గ్రామములలో సిలిండర్ల విక్రయమును, పొయ్యిల మరమ్మతును స్త్రీసంఘముల కప్పగింపవలెను.

పెండ్లిపందిటిలో ధర్మమునందే గాక అర్థమునందును నిన్ను అతిక్రమింపనని వరుడు అగ్నిసాక్షిగా ప్రమాణము చేయును. ఆ ప్రమాణమును వంటింటి అగ్నికడనే మఱచుట ధర్మమా?