క్రీడాపత్రములలో కథ – దాని రక్షణ

ద్యూతమును వ్యసనములలో ఒకటిగా మనుస్మృతి లెక్కించినది. కావున చీట్లాట యనగానే విద్వాంసులు ముఖము త్రిప్పుకొనుట సహజమే. అయితే పణమొడ్డి ఆడునది వేరు, కథ నల్లుటకై ఆడునది వేరు. రెంటిని ఒకే గాటను కట్టుట విచారణ యనిపించుకొనదు.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రమందలి ఐరన్ క్రౌన్ ఎంటర్‌ప్రైజెస్ అను సంస్థ 1995 డిసెంబరులో వెలువరించిన ‘మిడిల్ ఎర్త్’ అను చీట్లాట ఇందుకు ఉదాహరణము. ఆంగ్ల రచయిత టోల్కీన్ 1954–55లో ప్రకటించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ దీనికి ప్రధానాధారము. ఆడువాడు ఐదుగురు మాంత్రికులలో ఒకని పక్షము వహించి, పాత్రల బృందమును ఒక స్థలమునుండి మరియొక స్థలమునకు నడిపించును. స్థలములకును, పాత్రలకును, ఆయుధాదులకును వేర్వేరు చీట్లు కలవు. బృందము ప్రయాణించునపుడు ఎదుటివాడు రాక్షసులను, విఘ్నములను తన చేతినుండి దించును. వంతు మారగానే వీరి స్థానములును మారును. అనగా ప్రతివాడును ఒకసారి నాయకపక్షమున, ఒకసారి ప్రతినాయకపక్షమున నిలుచును. మహిమగల ఉంగరమును అగ్నిపర్వతమున పడవేయగలిగినవాడు వెంటనే జయించును.

ధనంజయుడు దశరూపకమున ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించెను. ఈ ఆటయందలి కథ మిశ్రమున చేరును. లోకమును, ముఖ్యపాత్రలును మూలగ్రంథమునుండి వచ్చినవి; ఎవరు ఎవరితో కూడిరి, ఏ దారిన పోయిరి, ఎచ్చట కూలిరి అనునది ఆనాటి ఆటలో పుట్టినది. కావ్యమందలి రసపరిపాకము ఇందు లేదని ఆక్షేపింపవచ్చును. నిజమే. చీట్లు పడిన క్రమమున ఔచిత్యము యాదృచ్ఛికము. అయినను కథను వినువాడే దానిని నడుపువాడగుట ఉపేక్షింపదగినది కాదు.

అసలు దోషము వేరొకచోట నున్నది. చీట్లు మూసిన పొట్లములలో అమ్మబడినవి. లోపల ఏవి యున్నవో కొనువానికి తెలియదు. కొన్ని అరుదుగనే ముద్రింపబడినవి. ఇది పుటలు కొన్ని దాచి పుస్తకమును అమ్మినట్లు. ఇక 1999లో హక్కుదారులైన టోల్కీన్ ఎంటర్‌ప్రైజెస్ వారు అనుమతిని ఉపసంహరించుకొనగా ముద్రణ నిలిచెను. 2000లో ఆ సంస్థయే దివాలా తీసెను. 2001లో చలనచిత్రము ననుసరించి డెసిఫర్ సంస్థ తెచ్చిన మరియొక చీట్లాటయు, 2007లో అనుమతి ముగియుటతో ఆగిపోయెను.

రామకథకు ఇట్టి విపత్తు రాలేదు. భాస్కరాదులును, మొల్లయు ఎవరి అనుమతిపత్రమును కోరక దానిని తెనుగున చెప్పిరి. ఆధునిక రచయితకును, వాని వారసులకును జీవనోపాధి వలయును గనుక హక్కును నిరాకరించుట న్యాయము కాదు. కాని అమ్ముకొను హక్కు వేరు, నశింపకుండ నిలుపు బాధ్యత వేరు. తాళపత్రముల కట్టలో ఒక ఆకు పోయినను గ్రంథపాతమని చింతించు పండితులకు ఈ భేదము విశదమే.

కావున ఇట్టి ఆటను వెలువరించు సంస్థలు, అమ్మకము మొదలిడునాడే అన్ని చీట్లను, నియమములను ఒక గ్రంథాలయమున సమగ్రముగ నిక్షేపింపవలెను. గ్రంథాలయములును వీనిని పిల్లల బొమ్మలని త్రోసివేయక పట్టికలలో చేర్చవలెను. ముద్రణ ఆగి పాతికేండ్లు దాటినను ఈ ఆటను ఆడువారు నేటికిని కలరు. నియమములను వారే చర్చించి, సవరించి కాపాడుకొనుచున్నారు. ఆ భారమును వారి శ్రద్ధకు మాత్రమే విడుచుట తగదు.