మన దీపానికి పూజారి ఎందుకు?

ఎల్బీనగర్ అడ్డా మీద పొద్దున్నే సద్దిగిన్నె పట్టుకొని నిలబడే మనోళ్లను రోజూ చూస్తున్నం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి వచ్చే మన పిల్లలనూ చూస్తున్నం. కూలి దొరకకుంటే ఒక దోషం. నౌకరీ రాకుంటే ఇంకో దోషం. దోషానికి శాంతి, శాంతికి దక్షిణ. దిగులు పడ్డ మనిషికి ధైర్యం కావాలె. చేతికొచ్చేది మాత్రం అప్పు.

మేము అడిగేది ఒక్కటే. నీ కష్టం నీకు తెలుసు. దారి చెప్పే మనసు నీలోనే ఉండంగ, నిన్ను గడప అవతల నిలబెట్టినవాణ్ని దారి ఎందుకు అడగాలె?

ఈ మాట పరాయిది కాదు. దిల్‌సుఖ్‌నగర్ పక్కనే చైతన్యపురిలో, మూసీ ఒడ్డున, నరసింహస్వామి గుడి దగ్గరి బండ మీద ప్రాకృత శాసనం ఉన్నది. విష్ణుకుండిన గోవిందవర్మ కాలంది. గోవిందరాజ విహారం పేరు, భిక్షతో బతికిన భిక్షువుల మాట అందులో ఉన్నవి. మనం బస్సు దిగే ఈ నేల మీద పదిహేను వందల ఏండ్ల కిందనే బౌద్ధం బతికింది. ఎవరి దీపం వాళ్లే కావాలని బుద్ధుడు పోయేముందు ఆనందునికి చెప్పిండు. ఇదే హైదరాబాద్‌లో 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ వాడవాడ తిరిగి జోగిని ఆచారాన్ని, తాగుడును ఎదిరించిండు, బుద్ధుని దిక్కు నడిచిండు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో ఆ దారే పట్టిండు.

మరి మన పోచమ్మ సంగతేంది అంటరు. వేపచెట్టు కింద అమ్మలు బోనం ఎత్తితే మేము వెక్కిరించం. అక్కడ మడి లేదు, మంత్రం లేదు. కానీ ఎల్లమ్మ పేరు చెప్పే మన ఆడపిల్లలను జోగినులను చేసిన్రు. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం చేయవలసి వచ్చింది. మనదైనంత మాత్రాన ప్రతి ఆచారమూ మంచిది కాదు.

ఒక అన్న మమ్మల్ని నిలదీసిండు: "ఇల్లు కిరాయికి అడిగితే కులం అడిగే ఓనరు కూడా నా మనసు ఒప్పుకుంటలేదనే అంటడు. వాని మనసును కూడా నమ్మాల్నా?"

సరైన ప్రశ్న. చిన్ననాటి నుంచి నూరిపోసిన కులాన్ని, భయాన్ని మనసు మాట అనుకుంటం. అందుకే గీటురాయి కావాలె. ఆ మాట ఎదుటి మనిషిని దగ్గరికి తీస్తదా, దూరం నెడతదా? ఆలోచనకు నిలబడతదా? బాబాసాహెబ్ ప్రజ్ఞను, కరుణను, సమతను కలిపి చెప్పింది ఇందుకే. ఓనరు మాట ఈ పరీక్షలో నిలవదు. మన మాట కూడా ఈ పరీక్షకు నిలబడాలె. మాలమాదిగలం ఒకరి గడప ఒకరం తొక్కనంత కాలం మనకూ లోపలి దీపం వెలగలేదన్నట్టే.

అక్కలారా, అన్నలారా! ఈసారి ఏదైనా తంతుకు అప్పు చేసేముందు ఇంటిల్లిపాదీ కూసోండ్రి. పైస ఎవరికి పోతున్నది, ఎవరిని బయట నిలబెడుతున్నది, మన బిడ్డకు ఏం మిగులుతున్నది అని అడుగుండ్రి. జవాబు మీ లోపలే దొరుకుతది.

జై భీమ్!