బహుమానం ఎవరికి?

2001 కలకత్తా టెస్టులో ఫాలో ఆన్‌లో పడ్డ మన జట్టును లక్ష్మణ్‌గారి 281, ద్రావిడ్‌గారి 180 గట్టెక్కించాయి. బహుమానం మాత్రం లక్ష్మణ్‌గారికే. ఒకరు మన భాషవారు, ఒకరు మన రాష్ట్రానికి ఆడినవారు. పావగడవాళ్లకు ఇద్దరూ కావలసినవారే.

ఇటువంటి చిక్కే అమెరికావారి బేస్‌బాల్‌లోనూ వచ్చింది. 1947లో టెడ్ విలియమ్స్ సగటులో, హోమ్‌రన్లలో, జట్టుకు తెచ్చిన పరుగులలో తన లీగుకే ప్రథముడు. పత్రికలవాళ్లు ఓట్లు వేస్తే ఉత్తమ ఆటగాడి బిరుదు 202కు 201 పాయింట్లతో జో డిమాజియోకు పోయింది! ఆయన యాంకీస్ జట్టు ఆ ఏడు లీగు గెలిచింది. కొందరు అంకెలకు, కొందరు గెలుపుకు ఓటేశారనుకోవాలి.

పిల్లల పోటీలకు తీర్పరులయ్యే పెద్దలారా, కొలబద్ద ఏదో ముందే చెప్పండి. ఓడిన బిడ్డ కూడా ఒప్పుకుని ఇంటికి పోతాడు.