నోరు జారితే బుర్ర లేనట్టా?

కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం, లవాల్ నగరం. అక్కడ 1995లో పుట్టిన ఫెలిక్స్ లెంగ్యెల్‌ను వీడియో గేమ్ లోకం ఎక్స్‌క్యూసీ అని పిలుస్తుంది. తన పేరులోని చివరి అక్షరానికి సొంత రాష్ట్రం పొడి అక్షరాలు తగిలించి పెట్టుకున్న పేరది. 2020లోనూ 2021లోనూ లైవ్ ప్రసారాల వేదిక ట్విచ్‌లో జనం అందరికంటే ఎక్కువ గంటలు చూసింది అతని లైవ్‌నే. 2023 జూన్‌లో కిక్ అనే పోటీ వేదిక అతనితో రెండేళ్లకు దాదాపు 7 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుందనీ, ప్రోత్సాహకాలతో అది 10 కోట్ల దాకా వెళ్లవచ్చనీ న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఇంత పేరున్న మనిషి మీద ఏళ్లుగా సాగుతున్న ఎకసెక్కం మాత్రం ఒక్కటే: మాట్లాడటం రాదు.

ఆరోపణను విడదీస్తే మూడు పాయలు కనిపిస్తాయి. మాటలు మింగేస్తాడు, తప్పుగా పలుకుతాడు, ఒక మాట వాడాల్సిన చోట ఇంకో మాట వాడతాడు కాబట్టి తెలివి తక్కువ. నేర్చుకునే ఓపిక లేదు కాబట్టి బద్ధకం. పిల్లలు గంటల తరబడి వింటారు కాబట్టి భాషకు చేటు. ఈ మాటలు అతనికే పరిమితం కాలేదు, గేమ్ స్ట్రీమర్లందరికీ అంటించేశారు. మూడింట్లో ఒక్కటీ నిలబడదు.

మొదట తెలివి సంగతి. లెంగ్యెల్ మాతృభాష ఫ్రెంచి. ఇంగ్లిషు ‘థింక్’, ‘దట్’లలో నాలుక పళ్ల మధ్యకు వచ్చే ధ్వని ఫ్రెంచిలో లేదు. దాని బదులు క్యుబెక్ వాళ్ల నోట సాధారణంగా ట, డలకు దగ్గరి ధ్వనులు పలుకుతాయి. ఫ్రెంచి మాటల్లో ఊనిక చివరికి వస్తుంది, ఇంగ్లిషులో ఏ మాటకు ఎక్కడ పడుతుందో ముందే చెప్పలేం. ఇక మాటల ఎంపిక. చూడటానికి ఇంగ్లిషు మాటలాగే ఉండి అర్థం వేరైన ఫ్రెంచి మాటలు వందల్లో ఉన్నాయి. ‘యాక్చువల్లీ’కి కవల పిల్లలా కనిపించే ఫ్రెంచి మాటకు అర్థం ‘ప్రస్తుతం’. రెండు భాషల మధ్య బతికే వాళ్లకు ఇలాంటి పొరపాటు కొత్త కాదు. ‘ఎగ్’ను ‘యెగ్’ అనీ, ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అనీ పలికే తెలుగువాళ్లు ఇంజనీర్లుగా, డాక్టర్లుగా అమెరికాలో స్థిరపడలేదా? నాలుక తీరును బట్టి బుర్రను తూచేవాళ్లు ముందు ఆ లెక్క తేల్చాలి.

బద్ధకం అన్న మాటకు అంకెలే జవాబు. మాతృభాషలో మాట్లాడేవాళ్లు కూడా సుమారు వెయ్యి మాటలకు ఒకటో రెండో చోట్ల తడబడతారని భాషాశాస్త్రం అంచనా. ఇంగ్లిషు సంభాషణ వేగం నిమిషానికి 150 మాటలు అనుకుందాం. ఎనిమిది గంటల లైవ్‌లో సగం సేపే నోరు తెరిచినా 36,000 మాటలు. అంటే తక్కువలో తక్కువ 36 తప్పులు, అదీ మామూలు మనిషికి. స్ట్రీమర్ పరిస్థితి మామూలుదా? చేతులు ఆట ఆడుతుంటాయి, కళ్లు ఓ పక్క శత్రువునూ మరో పక్క పరుగెత్తే చాట్‌నూ చూస్తుంటాయి, నోరు మాత్రం ఆగకూడదు. తెర మీద రాసిపెట్టింది చదివే వార్తల యాంకర్‌తో ఇతన్ని పోల్చడమే అన్యాయం. పైగా ఆ 36,000 మాటల్లోంచి చెడిపోయిన పదింటిని కత్తిరించి ఒక వీడియోగా అతికిస్తే ఎవరైనా మొద్దులాగే కనిపిస్తారు.

తడబాటు అడ్డదిడ్డంగా కూడా ఉండదు. కాలిఫోర్నియాలో విక్టోరియా ఫ్రామ్‌కిన్ అనే భాషాశాస్త్రవేత్త మాట తప్పులను వేల సంఖ్యలో సేకరించి, 1971లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాసింది. ఆమె చూపిన ఉదాహరణల్లో ఒకటి: ‘యాన్ ఈటింగ్ మారథాన్’ అనబోయిన మనిషి ‘ఎ మీటింగ్ ఆరథాన్’ అన్నాడు. ‘మ’ ముందుకు దూకింది. దూకగానే ‘యాన్’ కాస్తా ‘ఎ’గా సర్దుకుంది. తప్పు దొర్లుతున్న క్షణంలోనే వ్యాకరణం తన పని తాను చేసుకుపోయింది. ఇందులో బద్ధకం ఎక్కడుంది?

ఇంకో రకం తప్పుంది, అది చదివి నేర్చిన ఉచ్చారణ. ఆటల్లోని పేర్లు సగం తెర మీద అక్షరాలే. 2001లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 10’ కథానాయకుడి పేరును ఆడేవాళ్లు మార్చుకునే వీలుంది. అందుకే ఆటలోని పాత్రలు మాటల్లో ఆ పేరే ఎత్తవు. ఫలితం: టీడసా, టైడసా అని అభిమానులు ఏళ్ల తరబడి తగువులాడుకున్నారు. 1987లో వచ్చిన ‘గిఫ్’ అనే బొమ్మల ఫార్మాట్ సంగతీ అంతే. దాన్ని తయారుచేసిన స్టీవ్ విల్‌హైట్ 2013లో అవార్డు వేదిక మీద ‘జిఫ్’ అని తేల్చి చెప్పినా సగం లోకం ‘గిఫ్’ అంటూనే ఉంది. ఒక మాటను తప్పుగా పలికినవాడు దాన్ని ఎక్కడో చదివాడన్నమాట. ఆ చదువుకు వెక్కిరింతా బహుమానం?

భాష చెడుతుందన్న బెంగకు మన నిఘంటువులే సమాధానం. హాస్పిటల్ ఆసుపత్రి అయింది, లాంటర్న్ లాంతరు అయింది, ఇప్పుడవి తప్పని ఎవరూ అనరు. న్యూయార్క్ స్ట్రీమర్ కై సెనాట్ నోట ప్రచారంలోకి వచ్చిన ‘రిజ్’ను ఆక్స్‌ఫర్డ్ 2023కి ఆ ఏటి మాటగా ఎంచుకుంది. ‘కరిజ్మా’లోంచి మధ్య ముక్క తుంచగా వచ్చిన మాట అది. తెలుగు కుర్రాళ్లు ఆడుతూ ‘నాక్ అయ్యా, రివైవ్ ఇవ్వరా’ అంటే వినేవాడికి క్షణంలో అర్థమవుతుంది, మిత్రుడు పరుగెత్తుకొస్తాడు. అంతకు మించి ఆ వాక్యం చేయాల్సిన పనేముంది?

అలాగని స్ట్రీమర్ల నోటికి ఎదురే లేదనడం కాదు. లెంగ్యెల్ ఓవర్‌వాచ్ అనే వీడియో గేమ్ లీగ్‌లో డాలస్ ఫ్యూయెల్ జట్టు తరఫున ఆడిన 2018లోనే చూడండి. జనవరిలో సాటి ఆటగాడి మీద స్వలింగ సంపర్కులను కించపరిచే మాట అన్నందుకు లీగ్ 2,000 డాలర్ల జరిమానా వేసి, నాలుగు మ్యాచ్‌లకు పక్కన పెట్టింది. మార్చిలో మళ్లీ 4,000 డాలర్లు, మళ్లీ నాలుగు మ్యాచ్‌లు. జట్టు అతన్ని వదులుకుంది. తర్వాత 2022లో లైవ్‌లోనే ఆన్‌లైన్ జూదం ఆడుతూ దానికి ప్రచారం చేశాడు. అదే ఏడాది అక్టోబరులో ట్విచ్ కొన్ని జూదం సైట్ల ప్రసారాన్ని నిషేధించింది. కిక్ వెనక ఉన్నదీ జూదం సైటు స్టేక్ స్థాపకులే.

నిలదీయాల్సినవి ఇవి. ఉచ్చారణ మీది ఎగతాళి వీటికి తెరలా అడ్డుపడుతుంది. తడబడి పలికిన మాట క్లిప్ అయి పది మందిని నవ్విస్తుంది, స్పష్టంగా పలికిన జూదం ప్రకటన ఎవరి కంటా పడకుండా జారిపోతుంది. 2025 మార్చిలో హైదరాబాద్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ కొందరు తెలుగు యూట్యూబర్ల మీద కేసులు పెట్టారు. ఆ కేసులు వాళ్ల యాస మీద కాదు, ఆ నోటితో వాళ్లు అమ్మిన సరుకు మీద.