మగ్గపు ఇంటి బిడ్డలు బడ్జెటు లెక్కలు నేర్వవలెను

పట్టు ధర, నూలు ధర, చీర ధర షావుకారు నోటినుండి వినుచుందుము గనుక అవి ఆయన నిర్ణయములే యని మనలో చాలమంది తలంచుచున్నారు. వానిలో కొంతభాగము ఢిల్లీలో బడ్జెటు వ్రాయునాడే తేలిపోవుచున్నది.

మన ప్రాంతపు సంగతియే చూడుడు. 2011లో విదేశపు ముడిపట్టుపై దిగుమతి సుంకమును నూటికి 30 నుండి 5కు తగ్గించిరి. చవుక పట్టు మగ్గమునకు మేలు. శిడ్లఘట్ట మార్కెటుకు గూళ్లు తెచ్చు రైతుకు దెబ్బ. 2021లో ఆ సుంకమునే 10 నుండి 15కు పెంచిరి. ఈ మారు రైతుకు ఊరట, నేతగానికి భారము. చింతామణి, చిక్కబళ్లాపురము వైపు రైతును, నేతగాడును ఇరుగుపొరుగువారే. పన్ను, ప్రభుత్వ వ్యయము, ప్రభుత్వపు అప్పు ఎవరిపై ఎంత పడునో లెక్కగట్టు విద్యనే కోశ విధాన పరిశీలన యందురు.

ఈ విద్యను దగ్గరనుండి చూడదగిన చోటు రిజర్వు బ్యాంకు. పన్నులు విధించుట దాని పని కాదు. కాని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల అప్పులను నిర్వహించునది అదియే. రాష్ట్రముల బడ్జెటులనన్నిటిని పరిశీలించి ఏటేట ఒక నివేదిక ప్రచురించును. పై చదువుల విద్యార్థులకు వేసవిలో, మూడు నెలలకు మించకుండ, భృతితో శిక్షణ నిచ్చును. దాని ఆర్థిక పరిశోధన శాఖ పరిశోధనలో శిక్షణార్థులను వేరుగా తీసికొనును.

ఆ బ్యాంకుకు మగ్గము క్రొత్త కాదు. 1957లో నేత సహకార సంఘములకు తక్కువ వడ్డీకి పెట్టుబడి నిచ్చు పథకమును అది ప్రారంభించినది. 1982లో నాబార్డు ఏర్పడగా ఆ పని దానికి మారినది. అంతకుముందే, 1953లో, మిల్లు బట్టపై గజమునకు మూడు దమ్మిడీల అదనపు సుంకము వేసి ఆ సొమ్మును ఖాదీకి, చేనేతకు కేటాయించు చట్టము వచ్చినది. అట్టి చట్టము వలన ఎంత వచ్చినది, మగ్గమునకు ఎంత చేరినది అని అడుగగలవారు మనలో నుండి రావలదా?

"మూడు నెలలు పోయిన ఉద్యోగమిత్తురా?" అని తల్లిదండ్రులు అడుగుదురు. ఆ హామీ లేదు. పట్నములో బస, తిండి ఖర్చు గలదు. అందుచేతనే ఈ భారమును ఒక్క కుటుంబముపై విడువక సంఘము కొంత మోయవలెనని నా అభిప్రాయము. ఆడపిల్లలకును ఈ సాయము సమానముగా అందవలెను.

మనవారికి ఈ విద్య అందనిదేమియు కాదు. చిక్కబళ్లాపురము చెంత ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారు 1934లోనే భారతదేశ ఆర్థిక ప్రణాళికపై గ్రంథము వ్రాసిరి. తెలుగువారైన వై. వి. రెడ్డిగారు 2003 నుండి 2008 వరకు, పిమ్మట దువ్వూరి సుబ్బారావుగారు 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరులుగా నుండిరి.

అచ్చటికి వెళ్లిన బిడ్డ మన తరఫు వకీలుగా పనిచేయవలెనని ఎవరును కోరరాదు. సుంకము తగ్గుటవలన రైతుకు నష్టమైనచో ఆ నష్టమును గూడ వ్రాయవలసినదే. ఒకవైపు లెక్కను ఎవరును నమ్మరు.

అయితే లెక్కకు ఆధారము మనమే ఈయవలెను. మన ఊళ్లలో ఏటికి ఎన్ని మగ్గములు ఆడినవి, పనిలేక ఎన్ని దినములు నిలిచినవి, పట్టు ఏ ధరకు కొంటిమి, కూలి ఎంత దక్కినది, ఈ నాలుగు సంగతులను ప్రతి శాఖ ఒక పుస్తకములో వ్రాయించుట కష్టము కాదు. బాగేపల్లిలో గాని, చింతామణిలో గాని ఒక శాఖవారు ఈ సంవత్సరమే మొదలుపెట్టిన ఇతరులు అనుసరింతురు. అట్టి పుస్తకము లేనిచో మన బిడ్డ ఆ కార్యాలయములో కూర్చుండియు మన సంగతి వ్రాయలేడు. కార్యవర్గము వారు రాబోవు సమావేశములో ఈ రెండు విషయములను చర్చకు పెట్టవలెనని మనవి.